చప్పుడు లేని పట్టీ
కారు ఇంజన్‌లో గొలుసు పనిని పళ్ళున్న రబ్బరు బెల్టుకి అప్పగించి, అలాంటి కార్లు వరసగా తయారుచేసి అమ్మిన తొలి కంపెనీ పెద్దదేం కాదు. బవేరియాలో విత్తనాలు వేసే యంత్రాలు చేసుకుంటూ కార్లలోకొచ్చిన హాన్స్ గ్లాస్ కంపెనీ. 1962లో వాళ్ళ 1004 కారు రోడ్డెక్కింది. చప్పుడు తగ్గింది, ఖర్చూ తగ్గింది. 1966లో కంపెనీని బీఎండబ్ల్యూ కొనేసింది. బెల్ట్ మాత్రం దేశాలు తిరిగి మన మారుతి 800లోకీ వచ్చింది.

గొలుసు సాగితే గలగలమంటుంది. బెల్ట్ చాలాసార్లు చెప్పకుండానే తెగుతుంది. కొన్ని ఇంజన్లలో అప్పుడు పిస్టన్లు వాల్వుల్ని గుద్దేస్తాయి. అందుకే పాత కారుకి ఇంట్లో బెల్ట్ మార్చినప్పుడు, స్టార్ట్ చేసేముందు క్రాంకుని స్పానర్‌తో రెండు చుట్లు తిప్పి చూస్తాను. క్యామ్ ఒక చుట్టు తిరిగి, గుర్తులు మళ్ళీ కలవాలి. చెవులకి సుఖమిచ్చిన ఆ చరిత్ర, కిలోమీటర్లు లెక్కపెట్టే పని మనకి అప్పజెప్పింది.