కంపెనీల కరెంటు ఆస్తులు: ఒక చారిత్రక పరిశీలనము

మన సంఘ వార్షిక మహాసభల సంచికలలో వంశచరిత్రలును, దేవాలయ చరిత్రలును, దాతల జీవితములును ఏటేట ప్రకటింపబడుచున్నవి. ధనచరిత్రము మాత్రము అరుదు. ఉద్యోగవిరమణ చేసిన మనవారు పలువురు తమకు ముట్టిన మొత్తమును, కొందరు వితంతువులు భర్తల భీమా సొమ్మును, నేడు కంపెనీల షేర్లలో పెట్టుచున్నారు. వీరిలో కంపెనీవారు ప్రకటించు ఆస్తి అప్పుల పట్టీని విప్పి చూచువారెందరో మేము చెప్పనక్కరలేదు. కావున ఆ పట్టీలోని ఒక్క భాగమును గూర్చియు, దానియందు జరిగిన రెండు ప్రసిద్ధ వంచనలను గూర్చియు వ్రాయబూనితిమి. మేము వర్తకులము కాము. వ్యాకరణము బోధించి బ్రదికినవారము. ఐనను లెక్కయు నొక భాషయే. పదమునకర్థము తెలియనిదే అన్వయము కుదురదు.

ఒక సంవత్సరములోపల రొక్కముగా మారదగిన ఆస్తులను కరెంటు ఆస్తులందురు. చేతిలోను బ్యాంకులోను గల రొక్కము, సరుకు కొన్నవారినుండి రావలసిన బాకీలు, కొట్లలోని నిలువ సరుకు, రావలసిన వడ్డీ మొదలగునవి ఇందు చేరును. వీనిని చరాస్తులని వ్యవహరించుట సరికాదు. లారీ చరాస్తియే, కాని దానిని అమ్ముకొనుటకు గాక తోలుకొనుటకు ఉంచుకొందురు గనుక కరెంటు ఆస్తి కాదు. మన ప్రాచీనులకు ఈ విచారము క్రొత్త కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున ఆయవ్యయములు పోగా మిగిలిన నిలువకు నీవి యని పేరు. రాజధనమును అపహరించు మార్గములు నలువది యని ఆ గ్రంథమే లెక్కించినది. ఆ నలువదిలో నేటికిని పాతబడనివి పెక్కులు గలవు.

అమెరికాలో బెంజమిన్ గ్రాహము, డేవిడ్ డాడ్ అను వారిరువురు 1934లో షేర్ల పరిశీలనమును గూర్చి యొక పెద్ద గ్రంథమును ప్రకటించిరి. కంపెనీ మూతపడినచో ఏ ఆస్తికి ఎంత వెల వచ్చునో అందు లెక్కవేసిరి. రొక్కమునకు నూటికి నూరును, బాకీలకు సుమారు 80ని, నిలువ సరుకునకు సుమారు 66ను కట్టిరి. అనగా సరుకును అన్నిటికంటె తక్కువగను, బాకీని కొంత మేలుగను, రొక్కమును సంపూర్ణముగను నమ్మవచ్చునని భావము. ఈ వరుస న్యాయమైనదే. పాఠకులు దీనిని గుర్తుంచుకొందురు గాక. రాబోవు కథకు ఇదియే కీలకము.

ఆ గ్రంథము వెలువడిన నాలుగేండ్లకు, 1938 డిసెంబరులో, అమెరికాలోనే మెకెసన్ అండ్ రాబిన్స్ అను మందుల కంపెనీ గుట్టు బయటపడినది. దాని అధ్యక్షుడు డొనాల్డు కోస్టరను పేరుతో చలామణి యగుచుండిన ఫిలిప్ మ్యూజికా. పూర్వము శిక్షననుభవించినవాడు. తన సోదరులను గూడ మారుపేర్లతో కొలువులో నిలిపెను. సుమారు 8 కోట్ల 70 లక్షల డాలర్ల ఆస్తులలో రమారమి 1 కోటి 90 లక్షలు లేనివే. అందు కోటి డాలర్లు కెనడా గిడ్డంగులలో నున్నట్లు వ్రాసిన ముడి మందుల సరుకు. తక్కినది ఎవ్వరును ఈయనక్కరలేని బాకీ.

దీనిని కనిపెట్టినవాడు ఆ కంపెనీ కోశాధికారియే. పేరు జూలియన్ థాంప్సన్. ముడి మందుల శాఖ ఏటేట లాభము చూపుచుండెను గాని ఆ లాభము ఒక్కనాడును రొక్కముగా ఇంటికి రాదు. మరల సరుకుగానే మారుచుండును. నిలువను తగ్గింపుడని డైరెక్టర్లు కోరినను అది తగ్గుటకు మారు పెరిగినది. అంత సరుకునకు చేయించిన భీమా చూడగా స్వల్పము. ఒక్క సంవత్సరపు పట్టీలో ఇవి కానరావు. ఏండ్ల పట్టీలను ప్రక్కప్రక్కన పరచిననే కానవచ్చును. డిసెంబరు 16న మ్యూజికా తుపాకితో కాల్చుకొని మరణించెను. ఆనాటివరకు ఆడిటర్లు గిడ్డంగికి పోయి సరుకును కండ్లార చూచుట గాని, బాకీదారులకు జాబు వ్రాసి విచారించుట గాని తప్పనిసరి కాదు. 1939 నుండి ఆ రెండును నియమములైనవి.

దీనితో సరుకులోను బాకీలోను అసత్యము నిలుచుట కష్టమైనది. అది ఎచ్చటికి పోయెను? అనుమానింప దగనిదని అందరును తలచు రొక్కములోనికి పోయెను. ఇందులకు దృష్టాంతము మన తెలుగుదేశముననే, హైదరాబాదు నగరముననే దొరకినది.

సత్యం కంప్యూటర్ సర్వీసెస్ 1987లో శ్రీ బి. రామలింగరాజుగారిచే స్థాపింపబడినది. 2001లో న్యూయార్కు స్టాకు ఎక్స్ఛేంజిలో చేరినది. ఏబదివేలకు పైగా ఉద్యోగులు. మన కుటుంబముల బాలురు బాలికలు అందు కొలువు చేయుట తలిదండ్రులకొక గౌరవముగ నుండెను. 2008లో సత్పరిపాలనకై గోల్డెన్ పీకాక్ బహుమానమును గూడ పొందినది. ఆ యేడే డిసెంబరు 16న, మ్యూజికా చనిపోయిన నాటికి సరిగా డెబ్బదియేండ్లకు, రాజుగారి కుటుంబమునకు సంబంధించిన మేటాస్ కంపెనీలు రెండింటిని 160 కోట్ల డాలర్లకు కొందుమని ప్రకటించి, మదుపుదారులు మండిపడగా వెంటనే విరమించుకొనిరి. 2009 జనవరి 7న రాజుగారు డైరెక్టర్లకు లేఖ వ్రాసిరి.

ఆ లేఖలోని అంకెలు 2008 సెప్టెంబరు 30 నాటి పట్టీకి సంబంధించినవి. రొక్కము, బ్యాంకు నిలువ 5,361 కోట్ల రూపాయలని చూపగా అందు 5,040 కోట్లు లేవు. రావలసిన వడ్డీ 376 కోట్లు, అదియు లేదు. బాకీలు 2,651 కోట్లు. అందు 490 కోట్లు ఎక్కువ వ్రాసినవి. చూపని అప్పు 1,230 కోట్లు. మేటాస్ బేరము లేని ఆస్తుల స్థానమున ఉన్న ఆస్తులను నింపుటకై చేసిన కడపటి యత్నమని ఆ లేఖయే ఒప్పుకొన్నది.

ఇచ్చట బడిపంతులు కొంచెము ఆగి బలపము పట్టవలయును. ఆ మూడునెలల రాబడి 2,700 కోట్లని చూపిరి. నిజము 2,112 కోట్లు. వ్యాపారలాభము 649 కోట్లని చూపిరి. నిజము 61 కోట్లు. రెండింటను తేడా 588 కోట్లే. ఏలయన కల్పిత రాబడికి ఖర్చులేదు, అంతయు లాభమే. సాధారణముగా దొంగ అమ్మకము దొంగ బాకీగా నిలిచి, బాకీల దినములు పెరుగును. తెలిసిన మదుపుదారు పట్టుకొనును. ఇచ్చట చూపిన బాకీలు చూపిన రాబడికి సుమారు 90 దినముల మొత్తము. నిజమైన బాకీలు నిజమైన రాబడికి 94 దినములు. అనగా ఆ పరీక్షలో అసత్యము సత్యముకంటె మంచి మార్కులు తెచ్చుకొన్నది! దొంగ బాకీలను వసూలైనట్లు వ్రాసి రొక్కములో కలిపిరి గనుక బాకీల వరుస చక్కగా నుండెను. ఆ రొక్కమునకు సాక్ష్యముగా దొంగ డిపాజిట్టు రసీదులు పుట్టినవి. బ్యాంకులకు పంపవలసిన విచారణపత్రములను ఆడిటర్లు తాము నేరుగా పంపి తాము నేరుగా అందుకొనక కంపెనీవారి చేతికే వదలిరని 2011 ఏప్రిలులో అమెరికా సెక్యూరిటీల కమిషను తేల్చినది. మెకెసన్ ఆడిటర్ల పేరును, సత్యం ఆడిటర్ల పేరును ప్రైస్ వాటర్‌హౌసే. దేశము వేరు, కాలము వేరు.

మరి ఇంటనుండి పట్టీ చూచువాడు రొక్కమును పరీక్షించుటెట్లు? బ్యాంకు వానికి బదులు చెప్పదు. చెట్టును ఫలముచేతనే పోల్చవలయును. రొక్కమునకు ఫలము వడ్డీ. 5,361 కోట్లకు నూటికి 6 చొప్పున కట్టినను ఏటికి 321 కోట్లు రావలయును. లేఖప్రకారము వాస్తవముగ నున్న రొక్కమును 321 కోట్లే! ఒక యేటి వడ్డీయంత మాత్రమే అసలు మిగిలినదన్నమాట. వడ్డీని గూడ కల్పించి వ్రాయవచ్చునే యందురా? వ్రాసిరి, కాని అది వచ్చిన వడ్డీగా గాక రావలసిన వడ్డీగా పేరుకొన్నది. రావలసిన వడ్డీయు కరెంటు ఆస్తియే గనుక, దానిని ఏటేట రొక్కము ప్రక్కన పెట్టి చూచుట సులభము. వేలకోట్లు ఊరక యున్నవని చెప్పు గృహస్థుడు వానిని దేనికి వినియోగించుచున్నాడు, షేరుదారులకెంత పంచుచున్నాడు, చేతిలో సొమ్ముండగా అప్పు చేయుచున్నాడా, ఇవి తరువాతి ప్రశ్నలు. అమ్మకముకంటె వేగముగ పెరుగు సరుకును, బాకీని గూర్చి అందరును వ్రాసియున్నారు గనుక ఇచ్చట పెంపుచేయము.

లేఖ వెలువడిన నాడు 180 రూపాయలకు చేరువలో నుండిన షేరు 40కి దిగినది. ఏప్రిలులో టెక్ మహీంద్రావారు షేరు 58 రూపాయల చొప్పున పెద్ద వాటాను కొనిరి. 2013లో సత్యం అందు లీనమైనది. 2015 ఏప్రిలు 9న హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానము రాజుగారితో గూడ పదిమందిని దోషులని నిర్ణయించి యేడేండ్ల కారాగారము విధించెను. మరుసటి నెలలో పైకోర్టు ఆ శిక్షను నిలిపి జామీను నొసగెను. ఉద్యోగుల కొలువులు చాలవరకు నిలిచినవి. షేర్లనే నమ్ముకొన్న వృద్ధుల సొమ్ము నిలువలేదు.

ఈ సంచిక చివర మన విద్యార్థి వసతిగృహ నిధి లెక్క అచ్చైనది. దాతలు అందలి బ్యాంకు నిలువ యను పంక్తిని చూతురు గాక. వచ్చిన వడ్డీని, రావలసిన వడ్డీని దాని క్రింద వేరువేరుగ, గడచిన అయిదేండ్లకును ప్రక్కప్రక్కనే చూపవలయునని కోశాధికారిగారిని కోరితిమి. వారు సంతోషముతో సమ్మతించి, బ్యాంకువారి పత్రమును సభామండపమున ఉంచెదమనిరి.