అదనపు చావుల లెక్క

గణాంకాలంటే మన సాహిత్యకారులకు కొంత చిన్నచూపు. అంకెల్లో మనిషి ఉండడని, కథలోనే ఉంటాడని తరచు అంటూ ఉంటాం. కాని ఆధునిక తెలుగు సాహిత్యానికి పునాది వేసిన నాటకం ఒక జాబితాను ఆనుకుని నిలబడింది. 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’ మొదటి కూర్పు పీఠికలో గురజాడ, విజయనగరం మహారాజు తయారు చేయించిన ఒక పట్టికను ప్రస్తావించాడు. విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాలు 1,034. పెళ్లినాటికి అయిదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు. బుచ్చమ్మ ఒక్కతే అయితే అది ఆమె తలరాత. వెయ్యిమందిలో ఒకతె అయితే అది వ్యవస్థ.

ఈ తేడా నాకు చాలా ఆలస్యంగా బోధపడింది. 1980ల్లో నేను అమీర్‌పేటలో ఒక గది అద్దెకు తీసుకుని, ఒక దినపత్రికలో ప్రూఫులు దిద్దుతూ బతికేవాణ్ణి. ‘స్టవ్ పేలి యువతి మృతి’. ‘కడుపునొప్పి భరించలేక గృహిణి ఆత్మహత్య’. పేరు మారేది, వీధి మారేది, వాక్యం మారేది కాదు. వయసు మాత్రం ఇరవైకి కాస్త అటో ఇటో. అచ్చుతప్పులు దిద్ది పంపేవాణ్ణి. స్టవ్వు ముందు అత్తగారూ కూర్చుంటుంది, హోటళ్లలో మగవాళ్లూ నిలబడతారు. అది ఏరి కోరి కోడళ్ల మీదనే ఎందుకు పేలుతుంది? ఆ ప్రశ్న నేను వేసుకోలేదు.

స్త్రీశక్తి సంఘటన వంటి మహిళా సంఘాలు ఆ ప్రశ్నను హైదరాబాదు వీధుల్లోకి తెచ్చాయి. దాన్ని అంకెల్లో ఎలా అడగాలో నాకు నేర్పింది మాత్రం జనాభా శాస్త్రం. అమీర్‌పేట, పంజాగుట్టలను ఆనుకుని బేగంపేటలో పాత నిజామియా అబ్జర్వేటరీ ఆవరణ ఉంది. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో అక్కడ ఆకాశాన్ని భాగాలుగా ఫోటోలు తీసి నక్షత్రాల పట్టికలు తయారుచేశారు. 1980లో ఏర్పడిన ఆర్థిక సామాజిక అధ్యయనాల కేంద్రం ఆ ఆవరణలోనే ఉంది. కంటికి అందని చుక్కను సైతం జాబితాకెక్కించిన చోటుకు కూతవేటు దూరంలో ఉంటూ, నా చేతిమీదుగా పోయిన చావులను నేను ఒక్కసారీ లెక్కపెట్టలేదు.

లెక్కపెట్టినవాళ్ల చరిత్ర కూడా తిన్నగా సాగలేదు. 1901లో మనదేశంలో వెయ్యిమంది పురుషులకు 972 మంది స్త్రీలుంటే 1971 నాటికి 930కి దిగారు. గోషా వల్ల స్త్రీలు లెక్కలోకి రావడం లేదని పాత అధికారులు సమాధానం చెప్పుకున్నారు. 1961 జనాభా లెక్కల సందర్భంగా రాసిన మోనోగ్రాఫులో ప్రవీణ్ విసారియా ఆ సాకును ప్రశ్నించాడు. లోపం ప్రధానంగా నమోదులో లేదు, స్త్రీలు ఎక్కువగా చనిపోవడంలో ఉందని చూపాడు. 1974 డిసెంబరులో సమర్పించిన ‘సమానత్వం దిశగా’ నివేదిక ఈ విషయాన్ని దేశం ముందు పెట్టింది. 1981లో దేశపు నిష్పత్తి 934 ఉండగా ఆంధ్రప్రదేశ్‌లో 975 ఉంది. మనం మెరుగే అనుకున్నాం. కాని ఆ నిష్పత్తిలో పసిపాప నుంచి ముసలమ్మ దాకా అందరూ ఒకే రాశిలో ఉంటారు. ఇరవయ్యేళ్ల కోడలి చావు ఆ రాశిలో కలిసిపోతుంది.

అందుకే వయసులవారీగా చూడాలి. ఊహాసంఖ్యలతో చెబుతాను. 15 నుంచి 34 ఏళ్ల స్త్రీలు లక్షమందిలో ఏటా 300 మంది చనిపోయారనుకుందాం. అదే వయసు పురుషుల్లో లక్షకు 250 మంది. అదనపు చావులు 50 అనిపిస్తుంది. కాని తిండి, వైద్యం సమానంగా అందే సమాజాల్లో ఆ వయసు స్త్రీలు పురుషులకన్నా బాగా తక్కువగా చనిపోతారు. అక్కడ నూరుమంది పురుషులకు 60 మంది స్త్రీలే చనిపోతారనుకుంటే, ఇక్కడ చనిపోవలసినవారు 150 మందే. అప్పుడు అదనం 150. చావులు అవే, కొలబద్ద మారింది. ఏ చావును ‘సహజం’ అనాలో లెక్క మొదలుకాక ముందే ఎవరో నిర్ణయిస్తున్నారన్నమాట.

1990లో అమర్త్యసేన్ పది కోట్లకు పైగా స్త్రీలు ‘లేకుండా పోయారు’ అన్నాడు. 2010లో సివాన్ ఆండర్సన్, దేబ్‌రాజ్ రే ఆ లెక్కను వయసులవారీగా, జబ్బులవారీగా విడదీశారు. భారతదేశంలో ఈ లోటు పుట్టుక దగ్గర ఆగలేదని, అన్ని వయసుల్లోనూ ఉందని తేలింది. అంతకు ఒక ఏడాది ముందు లాన్సెట్ పత్రికలో ప్రాచీ సంఘవి, కవి భల్లా, వీణా దాస్ నిప్పుకు బలైనవారిని లెక్కగట్టారు. 2001లో దేశంలో 1,63,000 పైచిలుకు మంది కాలి చనిపోయారని, వారిలో 1,06,000 మంది స్త్రీలని, ఎక్కువమంది 15–34 ఏళ్లవారని వారి అంచనా. కాలి చనిపోయిన ప్రతి యువకుడికి ముగ్గురు యువతులు. పోలీసుల లెక్కకు ఇది ఆరు రెట్లు. 1986లో వచ్చిన 304-బి సెక్షన్ పెళ్లయిన 7 ఏళ్లలోపు చావును చూస్తుంది. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 80వ సెక్షన్. ఎనిమిదో ఏట పోయిన మనిషి ఆ సెక్షన్‌కు అందదు, జనాభా పట్టికకు అందుతుంది. ఒక్కో చావుకు ఒక్కో సాకు దొరుకుతుంది. ఒకటికి మూడు అనే నిష్పత్తికి దొరకదు.

అయితే అంకెకు మొక్కమని నేను అనడం లేదు. పురుషుణ్ణే కొలబద్దగా పెట్టుకుంటే, రోడ్డు ప్రమాదాల్లో యువకుల చావులు పెరిగినప్పుడు స్త్రీల ‘అదనం’ తగ్గినట్టు కనిపిస్తుంది. వంటింట్లో ఏమీ మారకపోవచ్చు. కూలి దంపతులిద్దరూ సమానంగా, అకాలంగా చనిపోతే అదనం సున్నా. లింగభేదాన్ని పట్టుకునే కొలబద్ద వర్గభేదాన్ని జారవిడుస్తుంది. కారణాలవారీగా, వర్గాలవారీగా విడదీసి చూడని లెక్క సగం లెక్కే.

‘సహజం’ అన్నదాన్ని చరిత్ర ఎలా బయటపెడుతుందో ఒక్క ఉదాహరణ చాలు. 2001–03లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్ష సజీవ జననాలకు 195 మంది తల్లులు చనిపోయేవారు. 2018–20 నాటికి తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. స్త్రీల శరీరం ఇరవయ్యేళ్లలో మారలేదు. మారింది వైద్యం. కాన్పంటే పునర్జన్మ అని మనం చేతులు దులుపుకున్న చావుల్లో మూడువంతులకు పైగా ఆపదగ్గవే.

ఇవాళ అమీర్‌పేట సందుల్లో ఏ మేడ చూసినా ఆడపిల్లల హాస్టలు బోర్డు కనిపిస్తుంది. కోర్సుల కాగితాలు పట్టుకుని పంజాగుట్ట వైపు నడిచే ఆ పిల్లలది సరిగ్గా ఆ పట్టికలోని వయసే. వాళ్లలో ఒకరి గురించి రేపు ఎవరైనా కథ రాస్తే, ‘స్టవ్ పేలి’ అన్న వాక్యాన్ని పత్రిక నుంచి కథలోకి ఎత్తి రాసుకోకూడదు. నేను దిద్దవలసి ఉండీ దిద్దకుండా వదిలేసిన తప్పు అది.