పద్దులు విప్పి చూసిన తిరుచానూరి వకీలు

పద్మావతీ అమ్మవారి ఆలయం చుట్టూ పెరిగిన తిరుచానూరు ఉత్తర ఆర్కాటు జిల్లాలో భాగంగా ఉన్న రోజుల్లో, 1891 ఫిబ్రవరి 4న ఆ ఊరిలో జన్మించిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు, తిరుపతి దేవస్థానం ఉన్నత పాఠశాలలోనూ మద్రాసు పచ్చయప్ప కళాశాలలోనూ చదివి, 1913లో న్యాయశాస్త్ర పట్టా పొందారు. కొంతకాలం గణితం బోధించిన తరువాత, 1911లో కొత్తగా ఏర్పడిన జిల్లాకు కేంద్రమైన చిత్తూరులో 1915 నుంచి వకీలుగా స్థిరపడ్డారు. లెక్కల ఉపాధ్యాయుని చూపు, కోర్టులో సాక్షిని నిలదీసే నేర్పు ఒకే మనిషిలో కలవడం వల్లనే ఆయన శాసనసభా జీవితానికి ప్రత్యేకమైన పదును వచ్చిందని చెప్పడం సమంజసం.

గాంధీజీ పిలుపు మేరకు 1921–22లో ఏడాదిపాటు ప్రాక్టీసు మానిన అయ్యంగారు, 1934లో దత్తమండలాలు, చిత్తూరు కలిసిన నియోజకవర్గం నుంచి ఢిల్లీలోని కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యారు. నిజాము ఆంగ్లేయులకు ధారాదత్తం చేసినందున దత్తమండలాలుగా పేరుపడిన ఆ ప్రాంతంలో అధిక భాగం నేటి రాయలసీమలో ఉంది. నాటి సభలో ప్రభుత్వాన్ని దించే అధికారం ప్రజాప్రతినిధులకు లేదు కనుక వారికి మిగిలిన ప్రధాన ఆయుధాలు ప్రశ్న, తర్కం. వాటిని ఆయన ఎంత తీవ్రంగా ప్రయోగించారంటే, ఐరోపావారి పత్రికలు ఆయనను 'సభలోని ఎండెన్' అని పిలిచాయి. 1914 సెప్టెంబరులో మద్రాసు రేవుపై గుళ్ల వర్షం కురిపించిన జర్మన్ యుద్ధనౌక పేరు ఎండెన్. 1940లో వ్యక్తి సత్యాగ్రహంలోనూ, 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలోనూ ఆయన జైలుకు వెళ్ళారు.

స్వాతంత్ర్యానంతరం రాజ్యాంగ సభ సభ్యులుగానూ, ఆ సభ శాసన విభాగానికి ఉపసభాపతిగానూ పనిచేసిన అయ్యంగారు 1950లో ఏర్పడిన అంచనాల సంఘానికి తొలి అధ్యక్షులయ్యారు. మంత్రులకు చోటులేని ఈ సంఘం, ప్రభుత్వ శాఖలు కోరిన పద్దులను పరిశీలించి, ఏ పనిని ఇంకెంత పొదుపుగా, సమర్థంగా చేయవచ్చో సభకు నివేదిస్తుంది. తరువాత చేపట్టిన లోక్‌సభ సభాపతి పదవి కంటే ఈ పనే ఆయన నిజమైన స్మారకమనిపిస్తుంది. పన్ను కట్టే రైతు తరఫున అధికారులను కూర్చోబెట్టి ప్రతి రూపాయికీ లెక్క అడిగే ఆనవాయితీ స్వతంత్ర భారతంలో ఆ సంఘంతోనే స్థిరపడింది.

1952లో తిరుపతి నుంచి లోక్‌సభకు ఎన్నికై ఉపసభాపతిగా ఉన్న అయ్యంగారు, తొలి సభాపతి మావలంకర్ మరణించిన తరువాత, 1956 మార్చి 8న ఆ స్థానానికి ఎన్నికయ్యారు. 1957లో చిత్తూరు నుంచి గెలిచి 1962 వరకు సభాపతిగా కొనసాగారు. వరకట్న నిషేధ బిల్లుపై ఉభయ సభలకు ఏకాభిప్రాయం కుదరనప్పుడు, రాజ్యాంగంలోని 108వ అధికరణం ప్రకారం 1961 మే నెలలో జరిగిన, భారత పార్లమెంటు చరిత్రలోనే మొదటిదైన సంయుక్త సమావేశానికి ఆయనే అధ్యక్షత వహించారు. ముందు నడిచిన దారి లేని చోట సభను నడపడం తేలికైన పని కాదు. ఆ సమావేశంలో నెగ్గిన బిల్లే నేటికీ అమలులో ఉన్న వరకట్న నిషేధ చట్టం.

1962లో చిత్తూరు నుంచి మళ్ళీ గెలిచిన కొద్దికాలానికే బీహారు గవర్నరుగా నియమితులై, 1967 వరకు ఆ పదవిలో ఉన్నారు. సంస్కృతంపై గాఢమైన అభిమానం గల అయ్యంగారు తిరుపతిలోని కేంద్రీయ సంస్కృత విద్యాపీఠం అధ్యక్ష బాధ్యతలను కూడా వహించారు. 1978 మార్చి 19న ఆయన కన్నుమూశారు.