రోడ్డు కింద 1942

ప్రపంచంలో ఏ మూల బైకర్‌ని అడిగినా, జీవితంలో ఒక్కసారైనా వెళ్లాల్సిన చోట్లలో నార్త్ కేప్ పేరు చెప్తాడు. నార్వేకి ఉత్తరాన, 71 డిగ్రీల అక్షాంశం దాటాక, సముద్రంలోకి నిటారుగా దిగిపోయే 307 మీటర్ల కొండ అది. మే మధ్య నుంచి జులై చివరి దాకా అక్కడ సూర్యుడు అస్తమించడు. తార్నాకలో నాకున్న బైక్ స్నేహితులకూ ఈ పిచ్చి ఉంది. ఆదివారం పొద్దున్నే ఉస్మానియా క్యాంపస్‌లో రెండు రౌండ్లు కొట్టి, చౌరస్తాలో చాయ్ దగ్గర కూర్చున్నామంటే చాలు, వీసా, అద్దె బండి, సెలవులు, ఈఎంఐ లెక్కలు మొదలవుతాయి. ఆ కబుర్లలో ఎప్పుడూ వినిపించే మాట ఒకటుంది: "ఖాళీ రోడ్డు రా, మనిషన్నవాడు కనపడడు."

ఆ ఖాళీ ఎక్కడి నుంచి వచ్చిందో చదవడం మొదలుపెట్టాక, నాకు ఆ మాట అంత తేలిగ్గా మింగుడుపడటం లేదు.

నార్త్ కేప్ చరిత్రలో అందరూ చెప్పే కథ అందంగానే ఉంటుంది. 1553లో చైనాకి ఈశాన్య సముద్రమార్గం వెతుకుతూ బయల్దేరిన ఇంగ్లిష్ నావికులు ఆ కొండకి ఈ పేరు పెట్టారు. 1664లో ఫ్రాన్చెస్కో నెగ్రి అనే ఇటాలియన్ పూజారి కేవలం చూడాలన్న కోరికతో అక్కడి దాకా వెళ్లాడు. 1907లో సయాం రాజు చులాలాంగ్‌కార్న్ వెళ్లి బండరాయి మీద తన గుర్తు చెక్కించుకున్నాడు. 1956లో రోడ్డు పడింది. 1999లో సముద్రం అడుగున దాదాపు 7 కిలోమీటర్ల సొరంగం తెరుచుకున్నాక, పడవ ఎక్కే పని కూడా లేకుండా బండి మీద నేరుగా దీవికి చేరిపోవచ్చు. పూజారి, రాజు, టూరిస్టు. వరుస బాగానే ఉంది.

కానీ అక్కడికి చేరాలంటే చాలామంది ఎక్కేది ఈ6 హైవే. ఆర్కిటిక్ వలయం దాటి కొంచెం ముందుకెళ్తే రోగ్నాన్ అనే ఊరు వస్తుంది. నార్వే జర్మనీ ఆక్రమణలో ఉన్న కాలంలో, 1942 నుంచి, ఆ చుట్టుపక్కల కొండ అంచును తొలిచి రోడ్డు వేసింది యుద్ధఖైదీలు. ముందు యుగోస్లావులు, తర్వాత సోవియట్ సైనికులు. ఆ ముక్కకి నార్వే జనం పెట్టుకున్న పేరు 'నెత్తుటి దారి'. తోటి ఖైదీగా ఉన్న తమ్ముణ్ని కాల్చేస్తే, అన్న ఆ నెత్తురుతోనే రాతిగోడ మీద శిలువ గీశాడని చెప్తారు. తర్వాతి కాలంలో దాని మీద ఎర్ర రంగు పూసి కాపాడుతూ వచ్చారు. యుద్ధకాలంలో నార్వేకి తెచ్చిన సోవియట్ ఖైదీలు దాదాపు లక్షమంది. అందులో 13 వేలకు పైగా అక్కడే చనిపోయారు. యుగోస్లావుల్లో సగం మందికి పైగా ఇళ్లకు తిరిగి వెళ్లలేదు. నార్విక్ పక్కన బైస్‌ఫ్యోర్డ్ శిబిరంలో జ్వరాలు వ్యాపించాయన్న నెపంతో, 1942 జులైలో దాదాపు మూడు వందల మందిని చంపేశారు.

1944 చివర్లో జర్మన్ సైన్యం వెనక్కి పోతూ ఫిన్‌మార్క్ ప్రాంతాన్నంతా తగలబెట్టింది. సుమారు 50 వేల మందిని బలవంతంగా దక్షిణానికి తరలించారు. ఇంకొందరు గుహల్లో, మట్టి గుడిసెల్లో దాక్కుని ఆ చలికాలం గడిపారు. నార్త్ కేప్‌కి దగ్గరి ఊరు హొన్నింగ్‌స్‌వోగ్‌లో మిగిలింది ఒక్క చర్చి. బైకర్ల వీడియోల్లో ముచ్చటగా కనిపించే ఆ రంగురంగుల చెక్క ఇళ్లన్నీ బూడిద మీద మళ్లీ లేచినవే. అంటే ఆ దారి ఊరికే ఖాళీగా లేదు. కొంత ప్రకృతి చేసిన ఖాళీ, కొంత మనుషులు చేసిన ఖాళీ.

ఇది నార్వే గొడవ, మనకెందుకు అనుకోవచ్చు. అందుకే మన దారి ఒకటి చూద్దాం.

2018 ఫిబ్రవరిలో హైదరాబాద్ నుంచి నలుగురు ఆడవాళ్లు మోటార్‌సైకిళ్ల మీద బయల్దేరారు. జై భారతి, శాంతి, శిల్పా బాలకృష్ణన్, పియా బహదూర్. మయన్మార్, థాయిలాండ్, లావోస్, కంబోడియా మీదుగా వియత్నాం దాకా వెళ్లి వచ్చారు. దాదాపు 17,000 కిలోమీటర్లు, మన దేశంతో కలిపి ఆరు దేశాలు. ఆ యాత్ర మీద పియా బహదూర్ 'రోడ్ టు మెకాంగ్' అని ఇంగ్లిష్‌లో పుస్తకం కూడా రాశారు. హైదరాబాద్ నుంచి మొదలైన దూరప్రయాణాల్లో నాకు చాలా ఇష్టమైనది ఇది. ఇక్కడి ఆడపిల్లకి స్కూటీ మీద పక్క కాలనీకి వెళ్లడానికి కూడా ఇంట్లో ఎన్ని అనుమతులు కావాలో తెలిసినవాళ్లకి దీని విలువ విడిగా చెప్పక్కర్లేదు.

మణిపూర్‌లో మోరె, అవతల బర్మాలో తము. మన దేశం నుంచి బండి మీద తూర్పుకి వెళ్లినవాళ్లు దాటిన సరిహద్దు అది. 1942లో అదే దారిన మనవాళ్లు ఎదురు దిశలో నడిచొచ్చారు.

గోదావరి సముద్రంలో కలిసే చోట కోరంగి రేవు ఉండేది. అక్కడి నుంచి ఓడలెక్కి రంగూన్ వెళ్లినవాళ్లు ఎంతమందంటే, బర్మాలో తెలుగువాళ్ల పేరే 'కోరంగీలు' అయిపోయింది. రేవులో మూటలు మోసిందీ, రిక్షాలు లాగిందీ, బియ్యం మిల్లుల్లో పనిచేసిందీ ఎక్కువగా వాళ్లే. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు జీతాల కోసం సమ్మె చేస్తే, ఆ గొడవ బర్మీయులతో అల్లర్లుగా మారి వందమందికి పైగా చనిపోయారు. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడటం మొదలైంది. 1942 మార్చిలో రంగూన్ పడిపోయింది. ఓడ టికెట్ దొరకనివాళ్లు, కొనలేనివాళ్లు నడక పట్టారు. ఆ ఏడాది భూమార్గాన దాదాపు 4 లక్షల మంది భారతీయులు మన దేశానికి చేరారని అంచనా. కలరా, మలేరియా, ఆకలి, వానలు. దారిలో వేలాది మంది పోయారు. యూరోపియన్లకి మంచి దారి, భారతీయులకి కష్టమైన దారి కేటాయించారని అప్పట్లో కాంగ్రెస్ నాయకులు నిలదీశారు. జనం వాటికి తెల్ల దారి, నల్ల దారి అని పేర్లు పెట్టుకున్నారు.

అవతల థాయిలాండ్‌లోనూ ఇదే కథ. 1942-43లో జపాన్ సైన్యం వేయించిన 415 కిలోమీటర్ల సయాం-బర్మా రైలుమార్గానికి, మలయా రబ్బరు తోటల నుంచి తమిళ, తెలుగు కూలీలను తోలుకెళ్లారు. ఆ లైన్ మీద సినిమాలూ పుస్తకాలూ చాలానే వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం తెల్ల ఖైదీల గురించే. కూలీలది పక్కపాత్ర.

ఒకే ఏడాది. ఆర్కిటిక్‌లో బెల్గ్రేడ్ వైపు నుంచి వచ్చిన కుర్రవాడు మంచులో రాయి కొడుతున్నాడు. తము దగ్గర గోదావరి జిల్లా మనిషి పిల్లని భుజాన వేసుకుని బురదలో నడుస్తున్నాడు. ఈ రెండు దారులూ ఇప్పుడు మనం కలలుకనే బైక్ రూట్లు.

ఈ మాటంటే ఒక స్నేహితుడు, "పది రోజులు సెలవు పెట్టి వెళ్లేది కూడా చావులు తలుచుకోడానికేనా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. ఏడుస్తూ బండి నడపమని నేనూ అనను. నా అభ్యంతరం 'ఒంటరిగా వెళ్లాను, నేనే సాధించాను' అనే కథతో. కాశీయాత్ర చరిత్ర రాసిన ఏనుగుల వీరాస్వామి 1830లో చెన్నపట్నం నుంచి బయల్దేరి మన హైదరాబాద్ మీదుగానే కాశీకి వెళ్లాడు. పల్లకీలో వెళ్లాడు. కాబట్టి తనని మోసేవాళ్లున్నారన్న సంగతి మరిచిపోయే వీలే లేదు. బోయీలు అలిసిపోతే ప్రయాణం ఆగిపోతుంది. మన బండికి ఆ ఇబ్బంది లేదు. మనల్ని మోసినవాళ్లు తారు కింద ఉన్నారు కాబట్టి, మోసేవాళ్లే లేరనుకుంటాం.

ఇంతదూరం కూడా పోనక్కర్లేదు. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ గురించి చెప్పేటప్పుడు, నమూనాల కోసం దేశదేశాల విశ్వవిద్యాలయాలు చూసొచ్చిన జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజాలనీ, బెల్జియన్ ఆర్కిటెక్ట్ జాస్పర్‌నీ గొప్పగా తలుచుకుంటాం. తలుచుకోవాలి కూడా. 1934లో పునాది వేసిన ఆ భవనానికి రాళ్లు చెక్కి పైకెత్తిన చేతులు మాత్రం మన కబుర్లలోకి రావు. దాని ముందు సెల్ఫీ తీసుకుని బండి స్టార్ట్ చేస్తాం.

నార్వే వాళ్లు కనీసం ఒక పని చేశారు. నెత్తుటి దారి పక్కన ఒక మ్యూజియం పెట్టారు. బైకర్ ఆగొచ్చు, ఆగకపోవచ్చు. ఆగితే మాత్రం తెలుసుకోడానికి ఒక చోటుంది. బర్మా నడక గురించి మనకి అలాంటి చోటు ఇళ్లల్లోనే ఎక్కువ. ఉత్తరాంధ్రలో, గోదావరి జిల్లాల్లో 'మా తాత రంగూన్ నుంచి నడిచొచ్చాడు' అనే వాక్యం ఇంకా వినిపిస్తుంది. చాలాసార్లు కథ ఆ ఒక్క వాక్యంతోనే అయిపోతుంది. ఎన్ని రోజులు నడిచాడు, ఎవరితో బయల్దేరాడు, దారిలో ఎవరు మిగల్లేదు అని ఎవరూ అడిగి ఉండరు. ఆ వాక్యం విన్న మనవళ్లలో కొందరు ఇప్పుడు బండ్లు కొంటున్నారు, రూట్ మ్యాపులు గీస్తున్నారు, యాత్రల గురించి రాస్తున్నారు. మోరె గేటు దగ్గర పాస్‌పోర్టు మీద ముద్ర కోసం లైన్లో నిలబడే రోజు వస్తే, ఆ లైన్ ఒకప్పుడు ఎటువైపు కదిలిందో ఒక్క పేరా రాసినా చాలు.