ఆరాయిషె బల్దా: మూసీ వరద తరువాత హైదరాబాదు పునర్నిర్మాణం

నది ఒడ్డున వెలసిన నగరం చరిత్రను రెండు విధాలుగా రాయవచ్చు. ఒకటి కట్టడాల చరిత్ర. ఏ పాలకుడు ఏ సంవత్సరంలో ఏమి కట్టించాడన్నది అందులో ప్రధానం. రెండవది నీటి చరిత్ర. నది ఎప్పుడు పొంగింది, ఎంత నేలను తనదిగా చూపింది, మనుషులు దానితో ఎట్లా ఒప్పందానికి వచ్చారన్నది ఇందులో ముఖ్యం. హైదరాబాదు గురించి మొదటి రకం రచనలకు కొదవ లేదు. కాని ఈనాడు మూసీ తీరాన కనిపించే హైకోర్టు, సిటీ కాలేజీ, ఉస్మానియా ఆసుపత్రి వంటి భవనాల వెనుక ఉన్నది రెండవ రకం చరిత్ర. దానిని విస్మరిస్తే ఆ భవనాలు అక్కడ ఎందుకున్నాయో అర్థం కాదు.

1591లో ముహమ్మద్ కులీ కుతుబ్ షా నగరానికి పునాది వేసినప్పుడు మూసీ దక్షిణపు గట్టు దానికి ఉత్తరపు హద్దు. అంతకు ముందే, 1578లో, గోల్కొండ వైపు రాకపోకలకు కట్టిన పురానా పూల్ ఉండనే ఉన్నది. ఆసఫ్ జాహీల కాలంలో నగరం నది దాటి ఉత్తరానికి పెరిగింది. 1901 జనాభా లెక్కల నాటికి నగర జనసంఖ్య నాలుగున్నర లక్షలకు కొంచెం లోపు. నేటి మహానగరంతో పోలిస్తే అది ఒక మధ్యస్థాయి పట్టణమే. వేసవిలో మూసీ సన్నని పాయగా మారేది. ఆ సన్నదనమే జనాన్ని నమ్మించింది. గట్టు దిగి, పల్లపు నేలలో కూడా ఇళ్లు లేచాయి.

తుగ్యానీ

1908 సెప్టెంబరు 28, సోమవారం. రంజాన్ నెల అప్పుడే మొదలయింది. నగరానికి ఎగువన ఎడతెగని వాన కురిసింది. షంషాబాద్ వర్షమాపక కేంద్రంలో 24 గంటల్లో 12.8 అంగుళాల వాన నమోదయింది. నది గట్లు తెంచుకొని బస్తీల మీద పడింది. నగరం గోడ నీటి ఒత్తిడికి ఆగలేదు. అఫ్జల్, ముసల్లం జంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు మూడూ తెగిపోగా, కుతుబ్ షాహీల పురానా పూల్ ఒక్కటే రెండు ఒడ్లను కలుపుతూ నిలిచింది. కోల్సావాడి, ఘాన్సీ బజారు వంటి పేటలు తుడిచిపెట్టుకుపోయాయి. సాధారణంగా చెప్పే లెక్కల ప్రకారం 19,000 ఇళ్లు కూలాయి, 80,000 మందికి నిలువ నీడ లేకుండా పోయింది, 15,000 మంది చనిపోయారు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కూలిపోగా, దాని ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు.

ఉర్దూలో ఈ విపత్తుకు 'తుగ్యానీ' అని పేరు నిలిచిపోయింది. అరబ్బీలో ఈ మాట మూలానికి హద్దు మీరడం అని అర్థం. నీరు గట్టు మీరడానికీ, మనిషి తన పరిధి మీరడానికీ ఒకే ధాతువు వర్తిస్తుంది. ఉర్దూ రుబాయీలకు పేరుపొందిన అమ్జద్ హైదరాబాదీ ఆ రోజు తల్లిని, భార్యను, కూతురును కళ్లెదుటే పోగొట్టుకొని తానొక్కడే బతికి బయటపడ్డాడు. ఆ దుఃఖం నుండి పుట్టిన ఆయన కవితకు 'ఖియామతె సుగ్రా', అనగా చిన్న ప్రళయం, అని పేరు.

ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం వంటశాలలు తెరిపించి, నిరాశ్రయులకు వసతి చూపింది. సహాయ కార్యక్రమాల్లో సరోజినీ నాయుడు పాల్గొన్నది. ఇదంతా తక్షణ కర్తవ్యం. అసలు ప్రశ్న ఆ తరువాత వచ్చింది. ఇదే నగరాన్ని ఇదే నది ఒడ్డున తిరిగి కట్టవలసి ఉన్నప్పుడు పని ఎక్కడ మొదలుపెట్టాలి?

ఎగువన మొదలైన నగరం

ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. బొంబాయి ప్రభుత్వ కొలువు విడిచిన ఆయన 1909లో హైదరాబాదు చేరి, ఆ సంవత్సరం అక్టోబరులో నివేదిక సమర్పించాడు. మైసూరు చీఫ్ ఇంజనీరుగా వెళ్లే ముందు ఆయన చేసిన పని ఇది.

ఆయన పరిశీలనలో తేలిన మొదటి సంగతి, వరదకు కారణం నగరంలో లేదన్నది. నగరానికి ఎగువన మూసీ పరీవాహక ప్రాంతం దాదాపు 860 చదరపు మైళ్లు. అందులో 788 చెరువులున్నాయి, అంటే చదరపు మైలుకు ఇంచుమించు ఒకటి. తెలంగాణ పల్లెల్లో చెరువులు గొలుసుకట్టుగా ఉంటాయి. పై చెరువు అలుగు పారిన నీరు కింది చెరువుకు చేరుతుంది. మామూలు రోజుల్లో ఈ ఏర్పాటు వరప్రసాదం. కాని పై చెరువు కట్ట తెగితే ఆ బరువంతా కింది కట్ట మీద పడుతుంది. 1908లో అట్లా తెగిన చెరువులు 221. ఆకాశం నుండి పడిన వానకు తోడు, చెరువుల్లో నిలవ ఉన్న నీరు కూడా ఒక్కసారిగా నగరం మీదికి వచ్చింది. సెకనుకు నాలుగు లక్షల ఘనపుటడుగులు మించిన ఆ ప్రవాహాన్ని ఏ నగర వంతెనా తట్టుకోజాలదు.

కనుక మందు కూడా ఎగువనే వేయాలి. మూసీ మీద ఒకటి, దాని ఉపనది ఈసీ మీద ఒకటి, రెండు జలాశయాలు కట్టి, వరద నీటిని అక్కడ పట్టి ఉంచి, నది మోయగలిగినంత మేరకే కిందికి వదలాలి. నగరంలో గట్లు ఎత్తు చేసి, వాటి వెంట ఇళ్లకు బదులు తోటలు, బాటలు వేయాలి. మురుగు కాలువలు నిర్మించాలి. ఆ నివేదికలోని ముఖ్యాంశాలివి. 1920లో ఉస్మాన్ సాగర్ (జనం నోట గండిపేట), 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. వరద కోసం కట్టిన గండిపేటే నగరానికి మంచినీళ్లిచ్చింది. 'గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాదు విడువడు' అన్న నానుడి పుట్టింది.

ఒక మాటకు మూడు అర్థాలు

1911లో గద్దెనెక్కిన ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ మరుసటి సంవత్సరం నగర పునర్నిర్మాణానికి ఒక ప్రత్యేక మండలిని ఏర్పరచాడు. ఇంగ్లీషులో దాని పేరు 'సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు'. ఉర్దూలో 'ఆరాయిషె బల్దా'. తెలుగులో దానిని నగరాభివృద్ధి మండలి అంటున్నాం. 'బల్దా' అంటే నగరం. నేటికీ తెలుగు పత్రికలు హైదరాబాదు కార్పొరేషనును 'బల్దియా' అనే రాస్తాయి. 'ఆరాయిష్' అన్న పారశీక పదానికి అలంకరణ, సింగారింపు అని అర్థం. ఇంగ్లీషు పేరులో ఉన్నది బాగుచేయడం. తెలుగు మాటలో ఉన్నది పెంచడం. ఉర్దూ పేరులో ఉన్నది అందగింపజేయడం. మూడూ ఒకే పనికి పేర్లు, కాని మూడు వేర్వేరు లక్ష్యాలను సూచిస్తున్నాయి. మండలి చరిత్ర అంతా ఈ మూడింటి మధ్య నడిచినదే.

బాగుచేయడమంటే ఏమిటో ఆనాటి నగరానికి బాగా తెలుసు. వరద తగ్గిన కొద్ది సంవత్సరాలకే ప్లేగు వచ్చింది. గాలి, వెలుతురు లేని ఇరుకు పేటలను గుర్తించి పడగొట్టడం, రోడ్లు వెడల్పు చేయడం, మల్లేపల్లి, నాంపల్లి వంటి చోట్ల వరుస ఇళ్లు కట్టి అద్దెకివ్వడం మండలి పని. చార్మినారు నుండి నది వరకు గల బాటను వెడల్పు చేసి, రెండు వైపులా రాతి కమానులతో కింద దుకాణాలు, పైన నివాసాలుగా పత్తర్‌గట్టీ నిర్మించారు. నిజాం రెండవ కుమారుడు మొఅజ్జం జా మండలి అధ్యక్షుడుగా ఉన్న కాలంలో, 1935లో, ఆయన పేరిట మార్కెట్టు వెలసింది.

అందం విషయానికి వస్తే, ఆంగ్ల వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ 1914 నుండి ఇక్కడ పనిచేశాడు. 1920లో ప్రారంభమైన హైకోర్టు, మరుసటి ఏట పూర్తయిన నేటి సిటీ కాలేజీ భవనం దక్షిణపు గట్టున లేచాయి. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కూలిన చోటే, ఉత్తరపు గట్టున, 1925 నాటికి ఉస్మానియా ఆసుపత్రి సిద్ధమయింది. వరద ఇళ్లను కూల్చిన తీరం ప్రజా భవనాలకూ, తోటలకూ దక్కింది. గమనించదగిన విషయమేమంటే, ఈ వైభవమంతా ఉస్మాన్ సాగర్ నిర్మాణంతో పాటుగానో దాని తరువాతనో వచ్చింది. అలంకరణకు ముందు నీటి లెక్క సరిచేశారు.

హరీమ్

నదికి కొంత నేల విడిచిపెట్టాలన్న భావన ఇంజనీర్లతోనే పుట్టలేదు. ఇస్లామీయ న్యాయశాస్త్రంలో 'హరీమ్' అన్న పరిభాష ఉన్నది. బావికి, చెలమకు, కాలువకు, నదికి చుట్టూ కొంత నేల వాటి వినియోగం కోసమే ప్రత్యేకింపబడి ఉంటుంది. దానిని ఇతరులు సొంతం చేసుకోరాదు. 1869, 1876 మధ్య ఉస్మానీ తుర్కీ రాజ్యంలో క్రోడీకరించిన 'మజల్లా'లో ఈ నియమాలకు అంకెలు కూడా ఉన్నాయి. బావికి నలుదిక్కులా 40 మూరలు. మాటిమాటికీ పూడిక తీయనవసరం లేని పెద్ద నదికి ఒక్కొక్క ఒడ్డున దాని వెడల్పులో సగం. అంటే రెండు ఒడ్లూ కలిపితే నది ఎంత వెడల్పో అంత. ఉర్దూలో హద్దు, నిషేధం అన్న అర్థాలు ధ్వనించే ఈ మాటలో రక్షణ అన్న అర్థం కూడా ఉన్నది. హైదరాబాదు మండలి పనిచేసింది ఇంజనీరింగు లెక్కల ఆధారంగానే. అయినా ఆ లెక్కలు చేరిన చోటు, పాత న్యాయవేత్తలు చేరిన చోటు ఒక్కటే. నది అంటే పారే నీరు మాత్రమే కాదు, పారవలసి వచ్చినప్పుడు దానికి కావలసిన నేల కూడా.

కదిలిపోయినవారు

ఈ చరిత్రలో నిజాముల పేర్లు, ఇంజనీర్ల పేర్లు, వాస్తుశిల్పుల పేర్లు నిలిచాయి. పడగొట్టిన పేటల్లో బతికినవారి పేర్లు నిలవలేదు. రోడ్డు వెడల్పయినప్పుడు ఇంటి యజమానికి పరిహారం అడిగే హక్కు ఉంటుంది. ఆ ఇంటి వసారాలో అద్దెకున్న కుట్టుపనివానికి, గోడవారన బండి పెట్టుకున్నవానికి అడగడానికి కాగితం ఉండదు. అటువంటివారికి నీడ మాత్రమే పోదు, బేరం కూడా పోతుంది. మండలి ఇళ్లు కట్టిందన్నది నిజం, ఆ కాలపు అనేక నగరాలతో పోలిస్తే అది మెచ్చదగిన పని. కాని కట్టిన ఇంటికి అద్దె ఉన్నది. అద్దె కట్టగల ఉద్యోగికీ, రోజు కూలితో బతికేవానికీ ఆ ఇల్లు ఒక్కటి కాదు. పునర్నిర్మాణ చరిత్ర రాసేవారు వెడల్పయిన బాటను మాత్రమే కొలిచి ఊరుకుంటే సగం లెక్కే తేలుతుంది.

మరుపు

1960లో ఆంధ్రప్రదేశ్ హౌసింగ్ బోర్డు ఏర్పడినప్పుడు మండలి పని దానికి సంక్రమించింది. అప్పటికి రెండు జలాశయాలు నదిని మచ్చిక చేశాయి. విచిత్రమేమంటే, ఆ విజయమే మరుపుకు దారి తీసింది. మళ్లీ మూసీ సన్నగా కనిపించింది, మళ్లీ జనం నమ్మారు. నదిలోకి మురుగు చేరింది. తీరాన గుడిసెలతో పాటు, ప్రభుత్వ నిర్మాణాలు కూడా నదీగర్భంలోకి దిగాయి. 1994లో ప్రారంభమైన మహాత్మా గాంధీ బస్ స్టేషన్ మూసీ పాయల మధ్యనే ఉన్నది. జలాశయాల పరీవాహక ప్రాంతాన్ని కాపాడడానికి 1996 మార్చిలో 84 గ్రామాలకు వర్తించే 111వ నంబరు జీవో వచ్చింది. 2022 ఏప్రిల్‌లో 69వ నంబరు జీవో ఆ ఆంక్షలను తొలగించింది.

2017లో మూసీ తీరాభివృద్ధికి ఒక కార్పొరేషన్ ఏర్పడింది. 2024 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో నదీగర్భంలోని ఇళ్లకు గుర్తులు వేశారు. చాదర్‌ఘాట్ ప్రాంతంలో కొన్ని కుటుంబాలను డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లకు తరలించి, వారు ఖాళీ చేసిన ఇళ్లను కూల్చారు. కొందరు కదిలారు, చాలామంది ప్రతిఘటించారు. మరుసటి ఏట, 2025 సెప్టెంబరు 26 రాత్రి, జంట జలాశయాల గేట్లు ఎత్తగా మూసీ పొంగి బస్ స్టేషన్‌లోకి వచ్చింది. ప్రయాణికులను తాళ్ల సాయంతో బయటకు తీసుకురావలసి వచ్చింది. తుగ్యానీకి 117 ఏళ్లు నిండడానికి అప్పటికి రెండు రోజుల వ్యవధి.

1908 తరువాతి తరం వదలిపోయిన పాఠం హైకోర్టు గుమ్మటాల్లో కాదు, వారు పాటించిన వరుసలో ఉన్నది. మొదట ఎగువ నీటికి నిలువ చోటు, తరువాత నదికి దాని నేల, ఆ తరువాత కదిలినవారికి ఇల్లు, చివరకు అలంకరణ. మూడవ మెట్టు దగ్గర వారూ తడబడ్డారు. ఆ తడబాటును సరిదిద్దవలసిన బాధ్యత తరువాత వచ్చినవారిది. అంతే కాని వరుసనే తలకిందులు చేసి, నాలుగవ మెట్టుతో పని మొదలుపెట్టేవారికి ఆ తరం పేరు చెప్పుకొనే హక్కు ఉండదు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆ చింతచెట్టు ఇంకా ఉన్నది. నీరు ఎంత ఎత్తుకు రాగలదో తెలుసుకోదలచినవారు అక్కడికి వెళ్లి చూడవచ్చు.