కుటుంబ నిర్ణయాల అర్థశాస్త్రం: కర్నూలు, కడప మెట్ట ప్రాంతాలు

ఇంట్లో ఎవరు కూలికి పోవాలి, ఎవరు బడికి పోవాలి, పంట డబ్బులో ఎంత దాచాలి, ఎద్దుల జతను ఎప్పుడు అమ్ముకోవాలి, ఎంతమంది పిల్లల్ని కనాలి, కూతుర్ని ఏ ఊరికి ఇవ్వాలి అన్న నిర్ణయాలు కుటుంబాలు ఎలా తీసుకుంటాయో పరిశీలించే శాఖ కుటుంబ అర్థశాస్త్రం. పాఠ్యపుస్తకాల్లో ఇవి వేర్వేరు అధ్యాయాలు. ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల లోపు వాన, అదీ నమ్మకం లేని వాన పడే కర్నూలు, కడప జిల్లాల్లో ఇవన్నీ ఒకే నిర్ణయం. ఆశ్లేష కార్తెలో చినుకు పడకపోతే పొదుపు కరుగుతుంది, ఎద్దులు సంతకు పోతాయి, బడికి పోయే పిల్ల చేనుకు పోతుంది, పెళ్లి ఒక ఏడాది వెనక్కి జరుగుతుంది. 2022లో నంద్యాల, అన్నమయ్య జిల్లాలు ఏర్పడినా, ఈ వ్యాసం పాత జిల్లాల హద్దులనే పాటిస్తుంది.

శిస్తు, కాలువ, కరువు

1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. 1807 దాకా ఇక్కడ ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో రైతువారీ పద్ధతిని నెలకొల్పాడు. కర్నూలులో మాత్రం నవాబుల ఏలుబడి 1839 దాకా సాగింది. ఊరి మీద ఉమ్మడిగా కాకుండా ఒక్కో రైతు మీద, అదీ రొక్కంలో శిస్తు పడటంతో ప్రతి ఇల్లూ తన లెక్క తాను వేసుకోవలసి వచ్చింది. జొన్నలు పాతరలో పోసి రెండు మూడేళ్లు దాచుకునే సంసారం, వాటిని అమ్మి రూపాయలు చేసుకోవలసిన సంసారమైంది. రూపాయలు చాలని ఏడు షావుకారు గడప తొక్కక తప్పలేదు. రాయలసీమ ఇంటి లెక్కల్లో అప్పు శాశ్వత పద్దుగా మారడానికి ఇది ఒక ముఖ్య కారణం.

కర్నూలు–కడప కాలువ కథ ఈ చరిత్రలో తప్పక చెప్పవలసినది. తుంగభద్ర మీద సుంకేసుల నుంచి 1860లలో ఒక ప్రైవేటు కంపెనీ దాన్ని తవ్వింది. నీళ్లు వచ్చాయి గానీ రైతులు అనుకున్నంతగా తీసుకోలేదు. కంపెనీ నష్టపోయి, 1882లో ప్రభుత్వమే కాలువను కొనుక్కోవలసి వచ్చింది. అప్పటి దొరలు చాలామంది దీన్ని రైతుల మొండితనం కింద జమకట్టారు. రైతు వైపు నుంచి చూస్తే లెక్క వేరు. నల్లరేగడి తేమను పట్టి ఉంచుతుంది, ఓ మోస్తరు వానకే జొన్న, పత్తి పండుతాయి. తరికి మారితే మడులు కట్టాలి, ఎద్దులు పెంచాలి, కూలీలను పెట్టాలి, నీటి తీరువ కట్టాలి. ఖర్చు ఖాయం, రాబడి కాదు. కరువు ఏడాదుల్లో మాత్రం అదే కాలువ నీటికి గిరాకీ పెరిగేది. పేద రైతు తెలివితక్కువవాడు కాడని, తన చేతిలో ఉన్న వనరులను జాగ్రత్తగానే వాడుకుంటాడని థియొడోర్ షుల్ట్జ్ 1964లో రాసి, 1979లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఆయన వాదనకు వందేళ్ల ముందటి సాక్ష్యం సుంకేసుల దిగువన దొరుకుతుంది.

1876–78 నాటి ధాత కరువు ఈ లెక్కలన్నిటినీ కూల్చేసింది. 1871 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లా జనం సుమారు 9.14 లక్షలు, 1881 నాటికి 6.8 లక్షలు. నాలుగో వంతు మనుషులు లేకుండా పోయారు. కరువు పర్యవేక్షణకు భారత ప్రభుత్వం పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో మగవాడి రోజుకూలిని ఒక పౌను గింజలకు, పైన కొద్దిపాటి చిల్లరకు తగ్గించాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ దాన్ని గట్టిగా ఎదిరించాడు.

ఆ కరువు తర్వాత వచ్చిన ఫామిన్ కోడ్‌లను ప్రభుత్వ నిబంధనలుగానే చదవడం అలవాటు. నిజానికి కుటుంబ ప్రవర్తనను చదవడానికి జరిగిన తొలి పద్ధతైన ప్రయత్నాల్లో అవి కూడా ఉన్నాయి. అప్పు పుట్టకపోవడం, ధర్మం చేసే చేతులు ముడుచుకోవడం, జనం దిక్కు తోచక ఊళ్లు వదలడం వంటివాటిని అవి కరువుకు ముందస్తు గుర్తులుగా తీసుకున్నాయి. 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి వేలమందికి అన్నం పెట్టి చరిత్రలో నిలిచాడు. అలాంటి ఇళ్లలో పొయ్యి ఆరిందంటే ఊరు మునిగినట్టేనని కోడ్ రాసినవాళ్లకూ తెలుసు.

సిద్ధాంతాల తోవ

జర్మనీలో ఎర్నెస్ట్ ఎంగెల్ 1857లో, ఆదాయం తగ్గేకొద్దీ అందులో తిండి వాటా పెరుగుతుందని చూపాడు. 1925లో రష్యన్ పండితుడు చయనోవ్, రైతు కుటుంబాన్ని లాభం కోసం నడిచే కంపెనీలా చూడకూడదన్నాడు. తినే నోళ్లెన్ని, పనిచేసే చేతులెన్ని అన్నదాన్ని బట్టి ఆ ఇంటి కష్టం ఎంతో తేలుతుందన్నాడు. మొడిగ్లియానీ, ఫ్రీడ్‌మన్ 1950లలో పొదుపుకు సూత్రం కట్టారు: మనిషి ఈ ఏటి రాబడిని చూసి కాదు, బతుకంతా వచ్చే రాబడిని తలచుకుని ఖర్చు చేస్తాడు.

అమెరికాలో గ్యారీ బెకర్ వీటన్నిటినీ ఒక గొడుగు కిందికి తెచ్చాడు. పిల్లల సంఖ్య మీద 1960లో, చదువు మీద 1964లో, కాలం పంపకం మీద 1965లో రాసి, 1981లో కుటుంబం మీద పెద్ద గ్రంథం వెలువరించాడు. 1992లో నోబెల్ వచ్చింది. ఆయన లెక్కలో కుటుంబమంతా ఒకే మనసుతో ఆలోచిస్తుంది. అక్కడే లోటుంది. ఇంట్లో సహకారమూ ఉంటుంది, పోట్లాటా ఉంటుంది, ఎవరి చేతిలో డబ్బు, ఆస్తి ఉన్నాయో వాళ్ల మాటకు బరువుంటుంది అని అమర్త్యసేన్ వాదించాడు. ఏ సాయంత్రమైనా ఆదోనిలోనో బద్వేలులోనో ఒక వాకిట్లో కూర్చుంటే సేన్ మాటే నిజమని తెలుస్తుంది.

ఈ సిద్ధాంతాలకు మెట్ట సీమ ఇచ్చిన పరీక్ష మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ద్వారా జరిగింది. ఆ సంస్థ 1975లో మొదలుపెట్టిన గ్రామ అధ్యయనాల్లో రాయలసీమకు తుంగభద్ర, కృష్ణల అవతల, అప్పటి పాలమూరు జిల్లాలోని ఔరేపల్లి, దోకూరు ఉన్నాయి. వాన తీరు, మెట్ట సేద్యం దాదాపు కర్నూలువే. ఏళ్ల తరబడి ఇల్లిల్లూ తిరిగి రాసుకున్న ఆ పద్దుల మీద ప్రపంచ ప్రసిద్ధమైన పరిశోధనలు వచ్చాయి. ఒక ఇంటికి నష్టం వస్తే ఊళ్లో చేబదుళ్లు, సాయాలు చాలావరకు ఆదుకుంటాయని రాబర్ట్ టౌన్‌సెండ్ 1994లో చూపాడు. వాన ఊరంతటికీ ఎగ్గొట్టిన ఏడు బదులిచ్చేవాడే ఉండడు. అప్పుడు మిగిలేది ఎద్దులు. రోజెన్‌జ్వైగ్, వోల్పిన్ 1993లో ఆ లెక్క తేల్చారు: చెడ్డ ఏడు ఎద్దుల్ని అమ్మి తిండి గడుపుకుంటారు, మంచి ఏడు వచ్చేసరికి దున్నే ఎద్దులు చాలవు. ఎమ్మిగనూరు సంతలో కరువు ఏడాది ధర ఎందుకు పడిపోతుందో ఇంతకంటే స్పష్టంగా చెప్పలేం. అందరూ అమ్మేవాళ్లే, కొనేవాళ్లు లేరు.

కూతుళ్లను దూరపు ఊళ్లకు ఇవ్వడం కూడా ఒక బీమాయేనని అవే పద్దుల నుంచి రోజెన్‌జ్వైగ్, స్టార్క్ 1989లో వాదించారు. ఇక్కడ వాన లేకపోతే అక్కడి వియ్యంకులు ఆదుకుంటారని వాళ్ల తర్కం. మేనరికం బలంగా ఉన్న రాయలసీమకు ఇది పూర్తిగా అతకదు. మేనమామ ఇంటికే పిల్లనిస్తే కట్నం బరువు తగ్గుతుంది, మాట మీద నమ్మకం ఉంటుంది, కానీ రెండిళ్ల మీదా ఒకే మబ్బు.

సుగ్గి, పత్తి మొగ్గ

కర్నూలు పడమటి మండలాలైన కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, హొళగుంద, ఆలూరు ప్రాంతాల్లో కోతల కోసం వలస వెళ్లడాన్ని సుగ్గికి పోవడం అంటారు. ఇంటి పంట అయిపోగానే గుంటూరు వైపు మిరప కోతలకు, తెలంగాణకు పత్తి తీయడానికి కుటుంబాలు లారీలు, ట్రాక్టర్లు ఎక్కుతాయి. ముసలివాళ్లు ఇంటికి కాపలా. మిరప కోతలో ఎంత కోస్తే అంత కూలి కాబట్టి పన్నెండేళ్ల పిల్ల చేతులకూ ధర ఉంటుంది. ఆ పిల్లను బడిలో ఉంచితే ఆమె కూలి పోవడమే కాదు, ఊళ్లో ఆమెను చూసుకునే మనిషి కూడా కావాలి. బెకర్ సూత్రంలో చదువు ఖర్చంటే ఫీజు మాత్రమే కాదు, వదులుకున్న కూలి కూడా. సుగ్గి లారీ దగ్గర ఆ సూత్రం అక్షరాలా కనిపిస్తుంది. 2011 జనగణనలో కర్నూలు జిల్లా అక్షరాస్యత సుమారు 60 శాతం, ఆడవాళ్లలో సగం మాత్రమే.

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల సంకర పత్తి విత్తన చేలు ఇంకా కఠినమైన ఉదాహరణ. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఆడ వరస మొక్కల్లో మరునాడు విచ్చుకోబోయే మొగ్గలను వెతికి, గోటితో రెక్కలు ఒలిచి, పుప్పొడి కాడలను తీసేయాలి. మర్నాడు పొద్దున మగ పువ్వు తెంపి ఆ మొగ్గలకు ఒక్కొక్కటిగా రాయాలి. దీన్ని క్రాసింగ్ అంటారు. రోజూ నెలల తరబడి ఇదే పని. దీనికి ఆడపిల్లలనే పెట్టేవారు. వేళ్లు సన్నగా ఉంటాయి, నడుము వంచనక్కర్లేదు అని చెప్పేవారు గానీ, కూలి తక్కువ, ఎదురు మాట్లాడరు అన్నది అసలు సంగతి. ఎండాకాలంలో చేతిలో పైసా లేనప్పుడు తల్లిదండ్రులకు అడ్వాన్సు ఇచ్చి, పిల్ల సీజనంతా ఫలానా చేలోనే చేయాలని కట్టేసేవారు. 2000 తర్వాత పరిశోధకుడు దావులూరి వెంకటేశ్వర్లు వరుసగా చేసిన అధ్యయనాలు ఈ పద్ధతిని దేశవిదేశీ విత్తన కంపెనీల ముందు పెట్టాయి.

పిల్లలు ఎందుకు పనికి పోతారన్న ప్రశ్న మీద రెండు సమాధానాలు నిలిచాయి. కౌశిక్ బసు, వాన్ 1998లో, పెద్దల కూలి మరీ తక్కువైనప్పుడే తల్లిదండ్రులు పిల్లల్ని పంపుతారనీ, పిల్లలందరూ పని మానేస్తే పెద్దల కూలి పెరిగి ఆ అవసరమే పోయే అవకాశం ఉందనీ చూపారు. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే ఎం.వెంకటరంగయ్య ఫౌండేషన్ ద్వారా వేల పిల్లల్ని బడిలో చేర్చి, 2003లో మెగసెసే అవార్డు అందుకున్న శాంతా సిన్హా మరో అడుగు ముందుకు వేశారు. పేదరికం ఒక్కటే కారణం కాదు, బడికి పోని పిల్ల పనిలో ఉన్నట్టే, పేద తల్లిదండ్రులకూ చదువు మీద ఆశ ఉంది, ఊరు ఒక కట్టుబాటు పెట్టుకుంటే అదే ఆదాయంలో పిల్లలు బడికి వస్తారు అని ఆవిడ పట్టుపట్టారు. ఈ వ్యాసకర్త చూపులో రెండో వాదనకే బలం ఎక్కువ. ఒకే కూలి, ఒకే కులం, ఒకే నేల ఉన్న రెండు ఊళ్లలో పిల్లల హాజరు వేరుగా ఉండటాన్ని ఆదాయం ఒక్కటే వివరించలేదు.

తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాల కోసం వెతికేవాళ్లనూ ఇక్కడే చెప్పుకోవాలి. విత్తనం వేళ కూలి వదులుకుని, నేల మీద చూపు పెట్టి రోజంతా తిరుగుతారు. దొరికితే అప్పులన్నీ తీరతాయి. కూలితో ఎన్నేళ్లకూ తీరని అప్పున్న ఇంటికి ఆ ఆశకు కూడా ఒక లెక్క ఉంది.

కువైట్

కడప జిల్లా దారి వేరు. రాయచోటి, రాజంపేట, కోడూరు, బద్వేలు ప్రాంతాల నుంచి దశాబ్దాలుగా కువైట్‌కు మనుషులు పోతున్నారు. ఎక్కడైనా మొగుడు పోయి పెళ్లాం ఇంటి దగ్గర ఉండటం రివాజు. ఇక్కడ చాలా ఇళ్లలో తిరగబడింది. ఇంటిపని వీసాకు ఖర్చు ఎక్కువగా అక్కడి యజమాని పెట్టుకుంటాడు, మగవాళ్లు ఏజెంటుకు లక్షలు పోయాలి. కాబట్టి తక్కువ అప్పుతో విమానం ఎక్కగలిగేది ఆడమనిషే. ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లకు ముప్పై ఏళ్లు నిండాలన్న భారత ప్రభుత్వ నియమం వల్ల వెళ్లేది ఎక్కువగా తల్లులే. పిల్లలు అవ్వ దగ్గర, జేజి దగ్గర పెరుగుతారు. వలస ఒక మనిషి సాహసం కాదు, కుటుంబం కలిసి చేసే బీమా ఒప్పందం అని స్టార్క్, బ్లూమ్ 1985లో రాశారు. వచ్చిన డబ్బు ముందు అప్పుకు, తర్వాత మిద్దెకు, ఆపైన కూతురి చదువుకూ పెళ్లికీ పోయే వరస చూస్తే ఆ మాట సరిపోతుంది. ఆ ఒప్పందంలో తల్లి కోల్పోయేదాన్ని మాత్రం ఏ పద్దులోనూ రాయరు. 1990 ఆగస్టులో కువైట్ మీద ఇరాక్ దాడి చేసినప్పుడు, ఈ బీమాకు బీమా లేదని కడప పల్లెలకు తెలిసొచ్చింది.

తల్లి చేతికి డబ్బు

2002లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో మొదలైన యంగ్ లైవ్స్ అధ్యయనం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,000 మంది పిల్లలను ఏళ్ల తరబడి అనుసరించింది. కడప అందులో ఒక జిల్లా. ఉపాధి హామీ పథకం 2006లో మొదటి విడతగా కడపకు, 2007లో రెండో విడతగా కర్నూలుకు వచ్చింది. తల్లులు ఉపాధి పనికి వెళ్లిన ఇళ్లలో పిల్లలు బడిలో గడిపే సమయం పెరిగిందని ఈ పిల్లల వివరాల ఆధారంగా ఫర్జానా అఫ్రిది బృందం తేల్చింది. అదే రూపాయి తండ్రి చేతికి వస్తే అంత ఫలితం కనబడలేదు. సేన్ వాదనకు ఇంతకంటే దగ్గరి రుజువు అక్కర్లేదు.

కర్నూలు పక్కనే ఉన్న ఓర్వకల్లులో 1990ల మధ్య నుంచి మహిళా పొదుపు సంఘాలు ఇదే సంగతిని తమ అనుభవంతో చూపాయి. హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్లకు సమాన వాటా ఇస్తూ 1986లో రాష్ట్రం చేసిన చట్టం కూడా ఈ కోవలోదే, అమలు ఎంత వెనకబడినా. ఇంకో పక్క, దేశవ్యాప్త కాల వినియోగ సర్వేలో 2019లో ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు దానికి ఇచ్చినట్టు తేలింది. ఎండాకాలంలో నీళ్ల బిందెల కోసం తిరిగే ఆలూరు ఆడవాళ్లకు ఈ సగటు తక్కువే అనిపిస్తుంది.

తల్లి చదువు, సంపాదన పెరిగితే పిల్లల సంఖ్య తగ్గుతుందన్నది బెకర్ లెక్క. సంఖ్య తగ్గింది గానీ, ఆ దారిలో కాదు. ఆడవాళ్లలో సగం మందికే అక్షరాలు వచ్చిన రాష్ట్రంలో 2005–06 నాటికే సగటు సంతానం 1.8కి పడిపోయింది. తల్లి చదవకపోయినా, ఉన్న ఇద్దరినీ చదివించాలన్న పట్టుదల కూడా ఇందుకు తోడ్పడింది. 2020లో వచ్చిన అమ్మఒడి పథకం, బడికి పోయే పిల్లలెంతమంది ఉన్నా ఒక్క బిడ్డ లెక్కనే తల్లికి ఏడాదికి 15,000 రూపాయలు ప్రకటించింది. 2025లో వచ్చిన తల్లికి వందనం ప్రతి బిడ్డకూ లెక్కగట్టింది. రెండూ తల్లి ఖాతాకే చేరాయి.

ఆ డబ్బుకు కూడా అందని ఇల్లు సుగ్గికి పోయే ఇల్లు. ఆ ఇంటి నిర్ణయం కూలీలను తీసుకుపోయే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్న రోజే అయిపోతుంది. వలస కుటుంబాల పిల్లల కోసం పెట్టే సీజనల్ హాస్టళ్లు ఆ తర్వాత తెరిస్తే బిడ్డ అప్పటికే మిరప చేలో ఉంటుంది. అందుకే పడమటి కర్నూలు మండలాల్లో ఆ హాస్టళ్లను దసరాకు ముందే, బియ్యం, పడకలు, వార్డెన్‌తో సహా సిద్ధం చేయాలి. ప్రభుత్వం వేయవలసిన లెక్కల్లో ఇదే మొదటిది.