క్లీనరు సీటు నుంచి లైసెన్సు దాకా

మన కర్నూలు, కడప జిల్లాల్లో బండల లారీలు తోలేవాళ్లు బడిలో నేర్చినవాళ్లు కారు. క్లీనరుగా ఎక్కి, టైర్లు విప్పి, ఉస్తాదు చేతికింద పని పట్టుకున్నవాళ్లే. 1988 మోటారు వాహనాల చట్టం రవాణా వాహనం తోలేందుకు 20 ఏళ్లు నిండాలన్నది, పెద్దబండి కంటే ముందు చిన్నబండి లైసెన్సు చూపమన్నది. సరే, అది న్యాయమే. 2007లో ఎనిమిదో తరగతి పాసు కావాలన్నారు. ఐదుతోనే ఉర్దూ బడి మానేసిన మన పిల్లలు అక్కడ ఆగిపోయారు. స్టీరింగు వచ్చు, సర్టిఫికెట్టు లేదు. పంతుళ్లం గదా, చదువు అక్కర్లేదని మేమెట్లా అంటాం? కానీ వాళ్ల ఇండ్లలో పొయ్యి వెలగాలి గదా! హర్యానాలో డ్రైవింగే బతుకుదెరువైన మేవాత్ వాళ్ల కోసం అక్కడి ప్రభుత్వం అడగ్గా, 2019లో కేంద్రం ఆ నిబంధన ఎత్తేసింది. శిక్షణ, పరీక్ష మాత్రం గట్టిగా ఉండాలన్నది. అప్పటికి మా పాత విద్యార్థులు కొందరు క్లీనర్లుగానే ముప్పై దాటినారు.